తుపానుకు ముందే సేవాదళం: పాల సంఘాలు చేయవలసిన ఏర్పాట్లు



మన కోస్తా జిల్లాలకు తుపాను కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున ఊళ్ల మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. కొట్టాల్లో కట్టేసిన పశువులు కట్టేసినట్టే పోయాయి. 1990 మే 9న కృష్ణా నది ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపాను బలంలో దానికి తీసిపోయినది కాదు. అయినా మన రాష్ట్రంలో మృతుల సంఖ్య వెయ్యి లోపుననే ఆగింది. ఈ రెంటికీ మధ్య తేడా గాలిలో లేదు. ముందుగా కబురు అందడంలోను, అందిన కబురును పట్టుకుని జనాన్ని కదిలించడంలోను ఉన్నది. అలాగని పని పూర్తయిందనుకోవడానికి వీలు లేదు. 1996 నవంబరు 6న కోనసీమను దెబ్బ తీసిన తుపాను మళ్లీ వెయ్యి మందికి పైగా పొట్టన పెట్టుకున్నది.

ఇప్పుడు వాతావరణ శాఖ హెచ్చరిక మూడు రోజుల ముందే వస్తున్నది. సెల్ ఫోనులోకే వస్తున్నది. అయితే ఆ హెచ్చరిక ఫోను నుంచి, పంచాయతీ మైకు నుంచి, వీధి చివర ఇంట్లో మంచాన పడిన ముసలమ్మ దాకా వెళ్లి ఆమెను లేవదీసుకుని రావలసిన పని మిగిలే ఉన్నది. ఆ పని మండలం నుంచి వచ్చే అధికారి వల్ల కాదు. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం వారు వచ్చేసరికి రోడ్ల మీద చెట్లు పడి ఉంటాయి. మొదటి గంటల్లో ప్రాణం కాపాడేది ఇరుగు పొరుగు వారే.

మన పల్లెల్లో సాయం చేసే మనుషులకు కొదవ లేదు. కొదవ ఉన్నది ఏర్పాటుకు. ఎవరు ఏ ఇంటికి వెళ్లాలో ముందు తెలియకపోతే, పదిమంది ఒకే ఇంటికి పరుగెత్తుతారు. అందరూ చూస్తారులే అనుకున్న ఇంటిని ఎవరూ చూడరు. కావున సేవాదళం అనేది తుపాను రోజున పుట్టేది కాదు. ఎండకాలంలో, తీరిక వేళ, కాగితం మీద పుట్టవలసినది.

పాల సంఘానికే ఈ పని ఎందుకు

గ్రామంలో ఎన్నో సంస్థలు ఉన్నాయి. కాని రోజుకు రెండు పూటలా, ఒకే వేళకు, ప్రతి పాడి ఇంటి మనిషీ నడిచి వచ్చే చోటు పాల కేంద్రం ఒక్కటే. ఏ ఇంట్లో ఎన్ని గేదెలు ఉన్నవి, ఏది చూడిది, ఏది ఈనింది అన్న సంగతి కార్యదర్శికి, టెస్టరుకు నోటికి వచ్చు. పాలు ఎవరు తెస్తున్నారో చూస్తే చాలు, ఆ ఇంటి పెద్ద ఊళ్లో ఉన్నాడా, పెద్దామె మంచం పట్టిందా అన్నది తెలిసిపోతుంది.

ఇక సామాను సంగతి. రూటు వ్యాను ఉన్నది. క్యాన్లు ఉన్నాయి. పాల శీతలీకరణ కేంద్రం ఉన్న ఊళ్లో జనరేటరు ఉన్నది. 40 లీటర్ల క్యాన్లు 20 ఉంటే, వాటిని బాగా కడిగి నింపితే 800 లీటర్ల మంచినీరు నిలవ చేసినట్టే. మూత గట్టిగా బిగించిన ఖాళీ క్యాను నీటిలో తేలుతుంది. దాని పిడికి తాడు కట్టి విసిరితే కొట్టుకుపోతున్న మనిషికి పట్టు దొరుకుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైన సాధనం పాల పుస్తకం. సంఘం తెరిచిన రోజున ఫలానా ఇంటి నుంచి పాలు రాలేదంటే, ఆ ఇంట్లో ఏదో జరిగిందని అర్థం. మామూలు రోజుల్లో ఇది గేదె ఎగ్గొట్టిన సంగతి కావచ్చు. తుపాను తెల్లవారిన రోజున అది మనుషుల సంగతి. పాలు రాని ఇంటికి అరగంటలో ఒక మనిషి వెళ్లి చూసి రావాలి. ఈ ఒక్క నియమం పాటించినా సంఘం చాలా మేలు చేసినట్టే.

పుస్తకంలో లేని ఇళ్లు

అయితే ఒక హెచ్చరిక. పాల పుస్తకంలో పాడి ఉన్న ఇళ్లే ఉంటాయి. గేదె లేని ఇల్లు అందులో కనిపించదు. మన ఊళ్లలో పల్లంలో ఉన్నది, గట్టు కింద ఉన్నది, తాటాకు కప్పుతో ఉన్నది చాలావరకు ఆ ఇళ్లే. దళితవాడ, మత్స్యకారుల పల్లె, కాలువ గట్టు మీద గుడిసెలు, రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే కుటుంబాలు, ఇటుక బట్టీలకు వలస వచ్చిన కూలీలు, వీరెవ్వరూ మన సభ్యులు కాకపోవచ్చు. నీరు సభ్యత్వం చూసి రాదు.

కనుక పాల పుస్తకాన్ని మొదటి జాబితాగా పెట్టుకుని, దాని పక్కన మిగిలిన గడపలన్నీ చేర్చాలి. ఆశా కార్యకర్తను, అంగన్వాడీ టీచరును కూర్చోబెట్టుకుంటే గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు ఉన్న ఇళ్లు తేలుతాయి. పింఛన్ల జాబితా చూస్తే ఒంటరి వృద్ధులు, వికలాంగులు తేలుతారు. 1995లో అంతర్జాతీయ సహకార సమాఖ్య తన సూత్రాలను సవరించినప్పుడు సమాజ శ్రేయస్సు పట్ల శ్రద్ధ అన్నదాన్ని ఏడవ సూత్రంగా చేర్చింది. ఆ సూత్రానికి మన ఊరి స్థాయిలో అర్థం ఇదే.

దళం కట్టే విధానం

ఊళ్లో 240 గడపలు ఉన్నాయనుకుందాం. 20 గడపలకు ఒక జట్టు చొప్పున 12 జట్లు కావాలి. జట్టుకు ఇద్దరు, వీలయినంత వరకు ఒక మగ, ఒక ఆడ. మొత్తం 24 మంది. జట్టులోని వారు ఆ వీధి వారే కావాలి. చీకట్లో, వానలో, దారి వెతుక్కోకుండా వెళ్లగలిగినది వారే. ఆడమనిషి జట్టులో ఉండడం మర్యాద కోసం కాదు. పగటి వేళ ఇంట్లో ఉండేది ఆడవారు. అర్ధరాత్రి తలుపు తట్టినప్పుడు తోటి ఆడమనిషి గొంతు వింటే ధైర్యంగా తలుపు తీస్తారు.

ఎంపికలో మూడు సంగతులు గమనించాలి.

1. తన ఇంట్లో నెలలు నిండిన స్త్రీ గాని, కదలలేని వృద్ధులు గాని ఉన్నవారిని జట్టులో వేయరాదు. ఆ రోజు వారు తమ ఇంటిని చూసుకోవాలి. వేసినా రాలేరు. రాలేదని నింద వేయడం అన్యాయం.

2. ఊళ్లో నిలకడగా ఉండేవారిని తీసుకోవాలి. పట్నంలో చదువుకుంటూ సెలవులకు వచ్చే కుర్రవాళ్లు ఎంత చురుకైనవారైనా అదనంగానే ఉండాలి గాని, జట్టు వారి మీద నిలబడరాదు.

3. పార్టీ, కులం చూడరాదు. పాలకవర్గం ఎన్నికలలో ఎదురు నిలిచినవారిని కూడా పిలవాలి. ఒక వర్గం దళంగా పేరు పడితే రెండవ వర్గం ఇళ్ల వారు ఆ మాట విని కదలరు.

జట్లు గాక, ప్రత్యేకమైన పనులకు మరికొందరు కావాలి. కబురు అందుకుని మైకులో చెప్పేందుకు ఇద్దరు. ప్రథమ చికిత్సకు నలుగురు. ఆశ్రయ కేంద్రంలో వంట, నీరు, మరుగుదొడ్లు, దీపాలు చూసేందుకు ఆరుగురు. పశువులకు నలుగురు, వీరిలో కృత్రిమ గర్భధారణ కార్యకర్త, గోపాలమిత్ర వంటివారు ఉంటే మంచిది. లెక్కలు రాసేందుకు ఒకరు. వీరందరికీ సమన్వయకర్త ఒకరే ఉండాలి. సాధారణంగా సంఘ కార్యదర్శి ఇందుకు తగినవాడు. ఆయన ఊళ్లో లేని రోజున ఎవరన్నది కూడా అదే కాగితం మీద రాసి పెట్టాలి.

సమన్వయం అంటే ఏమిటి

సమన్వయం అంటే పెద్ద మాట అనుకోనక్కరలేదు. ప్రతి జట్టూ ఒకే చోట, ఒకే వేళకు, ఒకే మనిషికి సంగతి చెప్పడమే సమన్వయం. ఇందుకు కొత్త వేళలు పెట్టనవసరం లేదు. పొద్దున పాల వేళ, సాయంత్రం పాల వేళ మనకు అలవాటైనవే. ఆ రెండు వేళలకు ప్రతి జట్టు మనిషీ పాల కేంద్రానికి వచ్చి మూడే సంగతులు చెప్పాలి: నా 20 గడపల్లో ఎన్ని ఖాళీ చేశారు, ఎవరు మిగిలారు, ఏం కావాలి. కార్యదర్శి వాటిని ఒక పుస్తకంలో రాసి, గ్రామ రెవెన్యూ అధికారికి, పంచాయతీ కార్యదర్శికి అందజేయాలి.

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపానులో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు. కావున ఫోనులోని వాట్సాప్ గ్రూపునే నమ్ముకుని దళం నడపరాదు. జాబితాలు కాగితం మీద ఉండాలి. మూడు ప్రతులు తీసి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఒకటి సంఘంలో, ఒకటి ఆశ్రయ కేంద్రంలో, ఒకటి పంచాయతీలో ఉంచాలి. ఫోను పోయిన రోజున రూటు వ్యానే తపాలా బండి. వ్యాను కదిలిన మొదటి పూటనే రూటు చీటీతో పాటు గ్రామ పరిస్థితి చీటీ కూడా డ్రైవరు చేతికి ఇవ్వాలి.

మరొక ముఖ్య విషయం. మన దళం ప్రభుత్వానికి పోటీ కాదు. ఊరు ఖాళీ చేయమని ఆదేశం ఇచ్చే అధికారం రెవెన్యూ వారిది. ఆ ఆదేశాన్ని గడప గడపకూ చేర్చడం మన పని. తహసీల్దారుకు, పశువైద్యాధికారికి దళం జాబితాను ముందుగానే అందజేసి ఉంచితే, ఆ రోజున వారు ఎవరిని పిలవాలో వెతుక్కోనక్కరలేదు.

శిక్షణ

శిక్షణ లేని ఉత్సాహం రెండు ప్రాణాలు తీస్తుంది, ఒకటి మునిగేవాడిది, రెండవది దూకినవాడిది. పారే నీరు మోకాటి లోతున ఉన్నా మనిషిని పడదోయగలదు. తాడు, క్యాను, వెదురు గడ అందించాలే గాని నీటిలోకి దిగరాదు. దళం వారికి చెప్పవలసిన మొదటి పాఠం ఇది.

మిగిలిన పాఠాలు: రక్తం ఆపడం, విరిగిన ఎముకకు బద్ద కట్టడం, గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి ఊపిరి పోయడం, పాము కాటుకు కట్లు, కోతలు లేకుండా ఆసుపత్రికి తరలించడం, కదలలేనివారిని మంచం మీద మోసుకురావడం. ఇవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బంది, అగ్నిమాపక శాఖ వారు నేర్పగలరు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఆపద మిత్ర పథకం ప్రారంభించి, గ్రామస్థులకు 12 రోజుల శిక్షణ ఇప్పించింది. ఆ శిక్షణ పొందినవారు మీ మండలంలో ఉన్నారేమో జిల్లా విపత్తు నిర్వహణ కార్యాలయంలో విచారించి, ఉంటే వారిని పిలిపించుకోవాలి.

ఏటా రెండు కసరత్తులు చాలు. ఏప్రిల్‌లో ఒకటి, సెప్టెంబరు చివర ఒకటి. తుపాను కాలం మనకు మే నెలలోను, అక్టోబరు నుంచి డిసెంబరు వరకును. సాయంత్రం పాలు పోసిన తరువాత గంటసేపు చేస్తే ఎవరి పనీ చెడదు. మైకులో చెప్పిన వేళ నుంచి ఆఖరి ఇంటి ముసలివారు ఆశ్రయ కేంద్రం మెట్లు ఎక్కే వేళ దాకా ఎంత పట్టిందో గడియారం చూసి రాయాలి. ఆశ్రయ కేంద్రం తాళం ఎవరి దగ్గర ఉన్నది, బోరు పనిచేస్తున్నదా అన్నవి ఆ రోజే బయటపడతాయి.

హెచ్చరిక దశలు, చేయవలసిన పనులు

వాతావరణ శాఖ నాలుగు దశల్లో హెచ్చరిస్తుంది. ఒక్కొక్క దశకు మన పని ఇది.

72 గంటల ముందు: ఇది తుపాను ముందస్తు సూచన. సమన్వయకర్త జట్లను పిలిచి జాబితా సరిచూడాలి. కొత్తగా వచ్చినవారిని చేర్చాలి. జనరేటరుకు డీజిలు, టార్చిలైట్లకు బ్యాటరీలు, మందుల పెట్టె, మోకులు చూసుకోవాలి.

48 గంటల ముందు: పసుపు రంగు హెచ్చరిక. క్యాన్లు కడిగి నీరు నింపాలి. పశువులను మెరకకు తరలించడం ఈ దశలోనే మొదలుకావాలి. ప్రసవం దగ్గరపడినవారిని ఆసుపత్రి ఉన్న ఊరికి పంపాలి. వేటకు వెళ్లిన పడవలు తిరిగి వచ్చాయా అని విచారించాలి.

24 గంటల ముందు: నారింజ రంగు హెచ్చరిక. వృద్ధులు, పిల్లలు, పూరిళ్ల వారు పగటి వెలుతురు ఉండగానే ఆశ్రయ కేంద్రానికి చేరాలి. రేషను కార్డు, భూమి పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం, పాల పుస్తకం ప్లాస్టిక్ సంచిలో కట్టుకోమని చెప్పాలి.

12 గంటల ముందు: ఎరుపు రంగు. ఇక ఎవరూ బయట తిరగరాదు. దళం వారు కూడా ఆశ్రయ కేంద్రంలోనే ఉండాలి.

తుపాను కేంద్రం ఊరి మీదుగా పోయేటప్పుడు గాలి హఠాత్తుగా ఆగుతుంది. తుపాను పోయిందనుకుని జనం బయటికి వస్తారు. కొంతసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే బలంతో గాలి కొడుతుంది. దీనిని తుపాను కన్ను అంటారు. అధికారికంగా కబురు వచ్చేదాకా తలుపు దగ్గర ఒక మనిషి నిలబడి ఎవరినీ పోనివ్వరాదు.

పశువుల సంగతి

ఊరు ఖాళీ చేయమంటే మన రైతు అడిగే మొదటి మాట, "గేదెను ఏం చేయను?" ఆ ప్రశ్నకు జవాబు లేనప్పుడు ఇంటికి ఒకరు వెనక ఉండిపోతారు. ఉండిపోయేది ముసలివారో, ఆడవారో. కావున పశువులకు ఏర్పాటు చేయడం అంటే మనుషుల ప్రాణం కాపాడడమే. ఇది పాల సంఘం తప్ప మరొకరు చేయలేని పని.

ఊరి చుట్టుపక్కల మెరక ఎక్కడున్నది ముందే గుర్తించాలి. నదికి, సముద్రానికి పక్కనున్న కట్ట మెరకలా కనిపించినా మంచిది కాదు, ఉప్పెనకు అదే మొదట తెగుతుంది. ఒక్కొక్క వీధి పశువులు ఎక్కడికి, ఏ దారిన వెళ్లాలో నిర్ణయించాలి. అక్కడ రెండు రోజుల వరిగడ్డి, పాలిచ్చే గేదెకు రోజుకు 50 నుంచి 60 లీటర్ల చొప్పున నీరు ఉండేట్టు చూడాలి. గడ్డి ఖర్చు ఎవరు భరించాలన్నది ఆ రోజున కాదు, ముందే తీర్మానించాలి.

తరలించడానికి వేళ చాలకపోతే పలుపు విప్పి వదలాలి. రేకుల పాకలో, గుంజకు కట్టి వదలరాదు. విడిచిన పశువు ఈదుతుంది, మెరక వెతుక్కుంటుంది. కట్టిన పశువుకు ఆ అవకాశమే లేదు.

చెవిపోగు మీద ఉన్న 12 అంకెల సంఖ్య ప్రతి పశువుకూ సంఘ పుస్తకంలో రాసి ఉండాలి. తప్పిపోయిన పశువును తిరిగి అప్పగించడానికి గాని, చనిపోతే బీమా, పరిహారం అడగడానికి గాని అదే ఆధారం. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానకాలానికి ముందే వేయించాలి. వరద నీరు నిలిచిన తరువాత ఈ వ్యాధులు తేలికగా వ్యాపిస్తాయి.

గాలి ఆగిన తరువాత

తెల్లవారగానే ప్రతి జట్టూ తన 20 గడపలు తిరిగి లెక్క చెప్పాలి. తెగిన కరెంటు తీగను ముట్టరాదు, ఎవరినీ ముట్టనివ్వరాదు. గాయపడినవారికి 108, ఇతర అత్యవసరాలకు 112, పశువులకు 1962 నంబర్లు ఫోన్లు పనిచేసే చోట ఉపయోగపడతాయి. చనిపోయిన పశువులకు ఫొటో తీసి, చెవిపోగు సంఖ్య రాసి, పశువైద్యుని ధ్రువీకరణ పొందిన తరువాతనే, బావులకు దూరంగా లోతుగా పూడ్చాలి. వరద నీరు చేరిన బావిలో క్లోరినేషను జరిగేదాకా నీరు కాచి తాగాలి.

బయటి నుంచి వచ్చే సాయం విషయంలో కూడా జాబితాయే దిక్కు. లారీలు రోడ్డు పక్క ఊళ్లో ఆగి ఖాళీ అవుతాయి. లోపలి పల్లెకు చేరవు. బియ్యం, దుప్పట్లు గడపల జాబితా ప్రకారం పంచి, పుచ్చుకున్నవారి సంతకమో వేలిముద్రో తీసుకుంటే తగాదా ఉండదు.

పాల సేకరణ వీలయినంత త్వరగా మొదలుపెట్టాలి. పచ్చిపాలు పిండిన 4 గంటల లోపల చల్లబరచకపోతే చెడిపోతాయి. కరెంటు లేకపోతే ఆ పాలు కాచి ఆశ్రయ కేంద్రంలో పిల్లలకు పోయడం మేలు. ఎవరి పాలు ఎన్ని లీటర్లు పోసినదీ రాసి ఉంచితే, తరువాత ధర చెల్లించే సంగతి పాలకవర్గం తేల్చవచ్చు.

తీర్మానం, లెక్కలు

ఈ ఏర్పాట్లకు పెద్ద ఖర్చు లేదు. మోకులు, టార్చిలైట్లు, మందుల పెట్టె, మైకు, జాబితా ప్రతులు. అయినా సంఘం డబ్బు సభ్యులందరిదీ. పాలకవర్గ తీర్మానం లేకుండా ఖర్చు చేస్తే, ఎంత మంచి పనికైనా ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది, కార్యదర్శి జవాబు చెప్పుకోవలసి వస్తుంది. సంఘ ఉపవిధులలో సాధారణ ప్రయోజన నిధి ఉన్నచోట దాని నుంచి వాడుకోవచ్చునేమో మీ తనిఖీ అధికారిని ముందుగా అడగండి. కొన్న సామాను స్టాకు రిజిస్టరులో ఎక్కించండి. పెళ్లిళ్లకు, జాతరలకు ఇవ్వకండి. ఇస్తే అవసరమైన రోజున ఉండవు.

రాబోయే సర్వసభ్య సమావేశపు అజెండాలో ఈ అంశాన్ని చేర్చవలసినదిగా అధ్యక్షులను, కార్యదర్శులను కోరుతున్నాను. ఆ రోజున మూడు పనులు పూర్తికావాలి: గడపల జాబితా చదివి వినిపించడం, ప్రతి 20 గడపలకు ఇద్దరి పేర్లు రాయడం, పశువులకు మెరక నిర్ణయించడం. సభ్యులు ఇంటికి వెళ్లే ముందు తమ గడప ఏ జట్టులో ఉన్నదీ, ఆ ఇద్దరు ఎవరన్నదీ అడిగి తెలుసుకోవాలి. పాల పుస్తకం అట్ట లోపల ఆ రెండు పేర్లు రాసుకుంటే మరీ మంచిది.